అల్లుడి కూనిరాగం

ఆసుపత్రిలో అందరూ ఆమెను గీతలమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అనడానికి ఎవరికీ గుండెలు చాలవు. కోపం ఆమె ముక్కు మీదే కాపురం ఉంటుంది. చదివింది మెదడు వైద్యం. చేసే పని, రోగుల తలకి చిన్న చిన్న బిళ్ళలు అతికించి, తీగలు తగిలించి తీసిన ఈఈజీలను చదవడం. మెదడులో పుట్టే సన్నటి కరెంటు తెర మీద వరసగా గీతలై ఎడమ నుంచి కుడికి పాకుతూ ఉంటుంది. మామూలు కంటికి అవన్నీ ఒక్కలాగే, చెయ్యి వణికేవాడు గీసినట్టే ఉంటాయి. గీతలమ్మకి మాత్రం ఒక్కో అలదీ ఒక్కో నడక. గాఢనిద్రలో బద్ధకంగా లేచిపడే డెల్టా, కునికిపాట్లప్పటి తీటా, కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుంటే తల వెనక భాగంలో హాయిగా ఊగే ఆల్ఫా, బుర్ర పనిలో పడితే గజిబిజిగా పరిగెత్తే బీటా. సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోంది, తలలో ఏ మూల ఊగుతోంది, ఎప్పుడు ఆగింది అన్న మూడు సంగతులు చెబితే చాలు, ఆ మనిషి మెలకువగా ఉన్నాడో లేదో ఆవిడ చెప్పేస్తుంది.

కింది అంతస్తులో, నడవా చివర ఆమె గది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. ఫ్యాను తిరిగినంతసేపూ మూలుగుతుంది. బల్ల మీద ఎప్పుడూ సగం తాగి మరిచిపోయిన టీ ఒకటి మీగడ కట్టి ఉంటుంది. ఆ గదికి ఒక నియమం ఉంది. రిపోర్టు రాయడం అయ్యేదాకా రోగి మొహం ఆమె చూడదు, రోగి తాలూకు మనుషుల్ని అసలే చూడదు. ఆశ పెట్టుకున్న మొహం ఒకటి కళ్ళముందు ఆడుతుంటే గీతల్లో లేనిది కూడా కనిపించి తీరుతుందని ఆమె నమ్మకం. లేని ఆశ కల్పించి, ఆనక చల్లగా లాక్కోవడం కన్నా పాపిష్టి పని ఇంకోటి లేదని కూడా ఆమె నమ్మకం. ఈ నియమం వల్ల ఆమెకి ఆసుపత్రిలో స్నేహితులు తక్కువ. ఆ లోటు ఆమెకి పెద్దగా తెలిసినట్టు లేదు.

ఆ రోజు ఆమె ముందున్నది ఒక దర్జీ తల. కొట్లో పై అరలోంచి గుడ్డ తాను దించబోయి, నిచ్చెన మీంచి జారి, కత్తిరింపు బల్ల అంచుకి తల కొట్టుకున్నాడు. రెండు నెలలు దాటింది. ప్రాణగండం గడిచింది. కళ్ళు తెరుస్తాడు, మూస్తాడు, నిద్రపోతాడు, లేస్తాడు. పిలిస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

వార్డు చూసే పెద్ద డాక్టరు ఉదయమే ఫోను చేశాడు. "రీహాబ్‌లో ఒక్క పడక ఖాళీ అయిందండీ. రేపు పొద్దున మీటింగులో అది ఎవరికో తేల్చాలి. లోపల మనిషి ఉన్నాడా లేడా, మీరే చెప్పాలి."

ఆ ఒక్క పడక మీదే అంతా ఉంది. రీహాబ్ వార్డులో మింగడం దగ్గర్నుంచి మాట, నడక దాకా అన్నీ మొదటినుంచీ ఓపిగ్గా నేర్పుతారు. కాకపోతే చెప్పింది వినపడి, అర్థమయ్యేవాళ్ళకే అక్కడ చోటు. కానివాళ్ళని వెనక భవనంలోని వార్డుకి పంపుతారు. అక్కడ వేళకి గొట్టంలో తిండి పోస్తారు, పక్క మారుస్తారు, శుభ్రంగా చూసుకుంటారు. ఎవరూ ఏమీ నేర్పరు. వెనక వార్డుకి వెళ్ళి ఇటు తిరిగొచ్చినవాళ్ళని గీతలమ్మ ఇంతవరకూ చూడలేదు.

మాట అర్థమవుతోందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. మెదడులో చేతిని ఆడించే భాగానికి ఒక అలవాటు. చేతికి పని లేనంతసేపూ అక్కడ ఒక అల సెకనుకి సుమారు పదిసార్లు ఊగుతూ ఉంటుంది. పనిలేని మనిషి కూనిరాగం తీస్తున్నట్టన్నమాట. చెయ్యి కదిపితే ఆ రాగం ఆగిపోతుంది. అసలు విశేషం, చెయ్యి పడిపోయి కదలకపోయినా సరే, కదపాలని మనసులో గట్టిగా అనుకుంటే చాలు, రాగం ఆగిపోతుంది. అందుకని రోగి చెవుల్లో ఒక గొంతు వినిపిస్తారు. "కుడి పిడికిలి బిగించండి" అని పావు నిమిషం, "వదిలెయ్యండి" అని పావు నిమిషం, మళ్ళీ బిగించండి, మళ్ళీ వదిలెయ్యండి. బిగించమన్నప్పుడల్లా రాగం తగ్గితే లోపల మనిషి వింటున్నాడని లెక్క.

దర్జీ తలలో రాగమైతే ఉంది. ఎడమ పక్కన, కుడి చేతి సంగతి చూసుకునే చోటే ఉంది. దెబ్బ తిన్న తల కనక కాస్త నెమ్మదించింది, అంతే. కానీ కంప్యూటరు రెండు రకాల పావు నిమిషాల్నీ పోల్చి, తగ్గలేదని తేల్చింది. పైగా వదిలెయ్యమన్నప్పుడే కాస్త తక్కువగా, బిగించమన్నప్పుడు ఎక్కువగా ఉంది. ఉల్టా. గీతలమ్మ ఆ అంకె వంక ఓసారి చిరాగ్గా చూసి, ఇలాంటి చిల్లర తేడాలు ఎన్ని చూడలేదు అనుకుని, 'చెప్పిన మాటకి స్పందన కనిపించలేదు' అని రాసింది. రాసేటప్పుడు ఆమెకి బాధ కలగలేదని కాదు. ప్రతిసారీ కలుగుతుంది. పంపే బటను నొక్కబోతుండగా తలుపు తోసుకుని ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. ఒక చేతిలో ప్లాస్టిక్ మగ్గు, భుజాన తువ్వాలు.

"తలలకి జిగురు పూసేది మీరేనామ్మా?"

"నేను పూయను. చదువుతాను. ఇక్కడికి ఎవరూ రాకూడదు."

"పూసిందెవరైతేనేం, కడుక్కునేది నేనేగా. మూడు మగ్గుల నీళ్ళయ్యాయి, ఒక్క చోట ఊడదే. మా అల్లుడికి అసలే ఉన్నది నాలుగు వెంట్రుకలు. అవి కూడా మీ జిగురుతో ఊడొస్తే లేచాక నన్ను ఆడిపోసుకుంటాడు."

దర్జీగారి అత్తగారన్నమాట. గీతలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నియమం పెట్టుకున్న ఇన్నేళ్ళలో ఇలా తలుపు తోసుకుని వచ్చినవాళ్ళు లేరు. కానీ రిపోర్టు రాయడం అయిపోయింది కదా, నియమం తప్పినట్టు కాదులే అని తనకి తాను సర్ది చెప్పుకుంది. "గోరువెచ్చటి నీళ్ళు పొయ్యండి, అదే వదులుతుంది" అంది.

అత్తగారు కదల్లేదు. ఆవిడ చూపు తెర మీద పడింది. "ఇదేనా మా వాడి తల?"

"ఊఁ."

"ఏమంటున్నాడు?"

అబద్ధం చెప్పడం గీతలమ్మకి చేతకాదు. "మేం చెప్పిన మాటకి బదులు రాలేదమ్మా."

అత్తగారు ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీలో కూలబడింది. మగ్గు ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని గీతలమ్మ భయపడింది. కోపాన్ని తట్టుకోవడం వచ్చుగాని ఏడుపుని తట్టుకోవడం ఆమెకి రాదు. అత్తగారు ఏడవలేదు.

"ఆయన పిలవగానే పలికిందెప్పుడు గనక" అంది, విసుగూ దిగులూ కలగలిసిన గొంతుతో. "మా అమ్మాయి పెళ్ళయినప్పట్నుంచీ వాళ్ళతోనే ఉంటున్నాను. నాకు తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి. కాజాలు కుట్టడం అయిందా అబ్బాయ్ అని అడుగుతాను. నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుంటాడు. సరే అని నేను కుళాయి దగ్గరికెళ్ళి బిందె నింపుకొస్తానా, ఈలోగా ఇంకోటి అడుగుతాను, టీ తాగుతావా అని. అప్పుడు తాపీగా 'అయింది' అంటాడు. ఏది అయిందో దేవుడికెరుక. అడిగినదానికి జవాబు, ఆ తర్వాత అడిగినదాని దగ్గరికొస్తుంది. అందుకే మా ఇంట్లో రోజూ గొడవలు."

"సరేనమ్మా, ఇక వెళ్ళి..." అని మొదలుపెట్టిన గీతలమ్మ మధ్యలో ఆగిపోయింది.

అడిగినదానికి జవాబు, ఆ తర్వాత అడిగినదాని దగ్గర. తెర మీద ఆ ఉల్టా అంకె అలాగే ఉంది. బిగించండి అన్న మాట లోపలికి దిగి, అర్థమై, ఆయన చెయ్యి బిగించాలనుకునేసరికి పావు నిమిషం గడిచిపోతే? అప్పటికి గొంతు వదిలెయ్యండి అంటూ ఉంటుంది. వదిలెయ్యాలని ఆయన అనుకునేసరికి మళ్ళీ బిగించండి అంటూ ఉంటుంది. తొందరెక్కువ మనిషితో నిదానస్తుడు కాపురం చేసినట్టు, పరీక్షకీ ఆయనకీ పొత్తు కుదరనే లేదు. మామూలప్పుడే అంత నిదానమైన మనిషి, తలకి దెబ్బ తగిలాక ఇంకెంత నిదానించి ఉంటాడు?

ఆమె రెండు రకాల పావు నిమిషాల గుర్తుల్నీ ఒక్క అడుగు, అంటే పావు నిమిషం, పక్కకి జరిపి చూసింది. రాగం తగ్గాల్సిన చోట తగ్గింది. ఒకసారి కాదు, వరసగా.

ఆ వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది. ఎదురుగా ఆశ పెట్టుకున్న మొహం కూర్చుని ఉంది, తాను గుర్తులు జరిపింది, కావాల్సింది కనిపించింది. ఇన్నేళ్ళుగా వద్దు వద్దని కుర్ర డాక్టర్లకి నూరిపోసింది సరిగ్గా దీన్నే. గుర్తుల్ని ఇష్టమొచ్చినట్టు జరుపుకుంటూ పోతే కుర్చీకి కూడా మెదడుందని నిరూపించవచ్చు. కాబట్టి ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ తీయాలి. ఈసారి ఎక్కడ చూడాలో ముందే తేల్చుకుని తీయాలి.

"రేపు పొద్దున మళ్ళీ పరీక్ష చెయ్యాలమ్మా. మళ్ళీ జిగురు పూస్తారు."

"ఇప్పుడేగా కడుక్కు చస్తున్నాను" అంది అత్తగారు. తర్వాత గీతలమ్మ మొహం చూసి గొంతు తగ్గించింది. "ఎందుకమ్మా?"

"ఇంకా ఏమీ అడక్కండి. ఏమీ అనుకోకండి కూడా."

"అనుకోవద్దంటే ఆగుతుందా?" అని అత్తగారు మగ్గు తీసుకుని వెళ్ళిపోయింది.

రాసిన రిపోర్టుని గీతలమ్మ చెరిపేసింది. మీటింగు మధ్యాహ్నానికి మార్చమని పెద్ద డాక్టరుకి ఫోను చేస్తే ఆయన నసిగాడు. పడక కోసం ఇంకా ఇద్దరున్నారట, ఇది పద్ధతి కాదట. "నా రిపోర్టు లేకుండా మీటింగెలా పెడతారో నేనూ చూస్తాను" అని ఫోను పెట్టేసింది. మధ్యాహ్నానికే మారింది.

మర్నాడు ఉదయం గీతలమ్మ స్వయంగా వార్డుకి వచ్చింది. బిళ్ళలు అతికించే టెక్నీషియను ఆమెను అక్కడ చూసి జిగురు గిన్నె జారవిడిచినంత పని చేశాడు. దర్జీ తల దిండు మీద ఓ పక్కకి వాలి ఉంది. కుడి బొటనవేలి మొదట్లో, కత్తెర పట్టీపట్టీ కాసిన కాయ ఇంకా అలాగే గట్టిగా ఉంది. భార్య మంచం పక్కనే నిలబడి ఉంది. కొట్టు మూసి వచ్చింది. ఇన్నాళ్ళూ మూయకుండా ఒక్కతే నడుపుకొచ్చిందట.

"నిన్న పిడికిలి బిగించమన్నాం. ఈసారి ఆయనకి అలవాటైన పని చెబుదాం. ఏం చెప్పమంటారు?" అని గీతలమ్మ అడిగింది.

"కత్తెర అనండి మేడమ్" అంది భార్య వెంటనే. "పిడికిలి బిగించడం ఆయనకేం తెలుసు? ఎవరినైనా కొట్టిన మనిషా?"

"చెప్పేది మీరా, మీ అమ్మగారా?"

తల్లీకూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "అమ్మే చెప్పాలండీ. ఆ గొంతుకైతేనే ఎప్పటికైనా పలుకుతారు. నేను మెల్లగా చెబితే పడుకుని వింటారు."

గీతలమ్మ అత్తగారి వైపు తిరిగింది. "పెద్దమ్మగారూ, రెండే మాటలు. 'కత్తెర పట్టి గుడ్డ కత్తిరించు.' తర్వాత నిమిషంపైన నిశ్శబ్దం. లేదంటే, 'చెయ్యి ఆపు.' మళ్ళీ నిశ్శబ్దం. ఏది ఎప్పుడనాలో టెక్నీషియను చీటీ తీసి మీకు చూపిస్తాడు. మూడో మాట మాట్లాడారంటే బయటికి పంపేస్తాను."

"నిమిషమా?" అంది అత్తగారు బెంగగా. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

చీటీల వరస గీతలమ్మ చూడలేదు. వినకుండా తన గదికి వచ్చేసింది. రికార్డింగు పూర్తయ్యాక గీతలు మాత్రమే ఆమె తెర మీదికొచ్చాయి, ఎప్పుడు ఏమన్నారన్నది దాచేసి. ప్రతి నిశ్శబ్దంలోనూ రెండో సగాన్నే చూడాలని ముందే కాగితం మీద రాసి టెక్నీషియను చేతికిచ్చింది. టీ పక్కకి నెట్టి కూర్చుంది. డెల్టా, తీటా దండిగా ఉన్నాయి, దెబ్బ తిన్న తల దాన్ని దాచుకోవడం లేదు. వాటి మధ్యలో ఆ రాగం సన్నగా ఊగుతోంది. ఇక్కడ ఊగుతోంది. ఇక్కడ లేదు. ఇక్కడ లేదు. ఇక్కడ మళ్ళీ మొదలైంది. ఆగిన చోటల్లా 'కత్తెర' అని, ఊగిన చోటల్లా 'ఆపు' అని రాసుకుంటూ పోయింది. ఒకచోట దర్జీ దగ్గాడు, గీతలన్నీ చెదిరిపోయాయి, దాన్ని వదిలేసింది.

టెక్నీషియను చీటీలు తెచ్చి పక్కన పెట్టాడు. ఇద్దరూ ఒక్కొక్కటే సరిచూశారు. రెండుచోట్ల తప్పింది. మిగిలినవన్నీ ఒప్పే.

"మేడమ్" అన్నాడు టెక్నీషియను. గీతలమ్మ కళ్ళజోడు తీసి, తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపు తుడిచింది. ఆమెకి సంతోషంగా ఉంది, సిగ్గుగానూ ఉంది. నిన్న ఒక్క బటను నొక్కి ఉంటే ఈ మనిషి ఈపాటికి వెనక భవనంలో ఉండేవాడు, రోజంతా వింటూ, ఎవరూ ఆగి వినకుండా.

పెద్ద డాక్టరు ఆ కాగితాలు మొదటినుంచి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చాడు. "నిన్న వద్దన్నందుకు ఏమీ అనుకోకండి" అన్నాడు. "ఆ పడక ఈయనదే. మీ పరీక్షలో ఆ పావు నిమిషం సంగతి కూడా మార్చెయ్యండి. ముందెవరికైనా ఇలా జరిగిందేమో పాత రికార్డింగులు కూడా తీసి చూడాలి." ఆ పని గీతలమ్మ అప్పటికే మొదలుపెట్టింది.

సాయంత్రం వార్డులో ఆమె తెరని మంచం పక్కకి తిప్పించింది. తల్లీకూతుళ్ళకి రాగం ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. "ఇది ఊగుతుంటే చెయ్యి ఊరికే ఉన్నట్టు. అణిగితే కత్తెర పట్టినట్టు. ఏదైనా అడగండి, అవునైతే కత్తెర పట్టమనండి. ఒక్కసారికే నమ్మెయ్యకూడదు, తిప్పి కూడా అడగాలి. తొందర మాత్రం పనికిరాదు."

భార్య అడిగింది, నొప్పిగా ఉందా అని. లేదు. తిప్పి, నొప్పి లేదు కదా అని అడిగితే అవుననే వచ్చింది. ఆమె ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, ఇక నువ్వడుగు అన్నట్టు తల్లి వైపు చూసింది.

అత్తగారు గొంతు సవరించుకుంది. తువ్వాలు మడత పెట్టింది, విప్పింది. "అబ్బాయ్" అంది చివరికి. "ఈ రెండు నెలలూ నీ పక్కన కూర్చుని నానా మాటలూ అన్నాను. పడుకున్నది చాలు లెమ్మన్నాను, కూర్చుని తినడం మరిగావన్నాను. గోడకి చెబుతున్నాననుకున్నాను నాయనా. అదంతా విన్నావా? వింటే కత్తెర పట్టు."

గీత ఊగుతూనే ఉంది. ఊగీ ఊగీ, మెల్లగా సన్నబడి, అణిగిపోయింది.

అత్తగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, "నా మీద కోపంగా ఉందా? ఉంటే కత్తెర పట్టు" అంది. అందరూ తెర వైపు చూశారు. గీత ఊగుతోంది. నిమిషం దాటింది. ఊగుతూనే ఉంది.

"ఇది లేదనా, ఇంకా ఆలోచిస్తున్నాడా?" అంది అత్తగారు. "ఆలోచించడానికి ఆయనకి చాలానే ఉందమ్మా."

"తిప్పి అడగండి" అంది గీతలమ్మ. ఆమె గొంతు అంత మెత్తగా ఉండటం టెక్నీషియను ఇదివరకు వినలేదు.

అత్తగారు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది. "కోపం లేకపోతే కత్తెర పట్టు నాయనా." రెండో మాట అనబోయి నోరు మూసుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, వినపడీ వినపడనట్టు, ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారైనా విని ఉండని మాట అంది. "తొందరేం లేదు. నీకు వీలైనప్పుడే చెప్పు."

గీతలమ్మ తెర వైపు చూడలేదు. తెర చూడటానికి టెక్నీషియను ఉన్నాడు. ఆమె అత్తగారి మొహాన్నీ, దిండు మీది ఆ మొహాన్నీ చూస్తూ కూర్చుంది. బయట నడవాలో ఎవరో బండి తోసుకుంటూ వెళ్ళారు. ఎవరూ కదల్లేదు.

"ఆగింది మేడమ్" అన్నాడు టెక్నీషియను.